ఏ మందు?

అనుమానం ముందు పుట్టి ఆ తర్వాత కౌసల్య పుట్టిందని ఆమె అత్తగారు బతికున్న రోజుల్లో అంటుండేది. పాలవాడు నీళ్లు కలుపుతున్నాడని, గ్యాస్ బండ తూకం తగ్గిందని, ఎదురింటివాళ్లు మోటారు పెట్టి మున్సిపాలిటీ నీళ్లు గుంజుకుంటున్నారని సూర్యాపేటలో ఆ వీధిలో అందరికంటే ముందు ఆమెకే తెలిసేది. చాలాసార్లు అది నిజమే అయ్యేది కూడా. అందుకే కౌసల్య తన అనుమానాన్ని ఒక జబ్బుగా ఎప్పుడూ అనుకోలేదు, తెలివి కిందే జమకట్టుకుంది.

ఆ సోమవారం సాయంత్రం మేడ మీద ఆరిన బట్టలు తీస్తుంటే కిరాయి గదిలోంచి సైదులు ఫోన్‌లో మాట్లాడుతున్నది వినబడింది.

"అంత అయిపోయింది ఖాజా భాయ్. మందు పెట్టే వచ్చిన. సుట్టూ ఇసుక గూడ పెట్టిన. శుక్రవారం దాక అటు దిక్కు ఎవ్వర్నీ పోనియ్యకు. పోయినోడు పీనుగే."

ఆ తర్వాత చిన్నగా నవ్వాడు. కౌసల్య చేతిలో దుప్పటి సగం మడత మీదే ఆగిపోయింది.

మామూలు రోజైతే ఆ మాట ఆమె చెవిలో నిలిచేది కాదు. మందు లేని ఇల్లెక్కడుంది? నడిగూడెంలో వాళ్ల వరికి కొట్టేదీ మందే, బీపీకి ఆమె మింగేదీ మందే, పండక్కి మరిది తాగి గొడవ చేసేదీ మందే. కానీ అవి మామూలు రోజులు కావు. వారం కిందట ఉత్తరాదిన ఒక పెద్ద రైల్వే స్టేషన్‌లో బాంబు పేలింది. పెట్టినవాళ్లలో ఒకడు బస్సులు మారుకుంటూ దక్షిణానికి వచ్చాడని, విజయవాడ హైవే మీద ఎక్కడో దిగాడని టీవీలు ఒకటే మోత. ఆ హైవే మీదే కోదాడలో ఇంజనీరింగ్ చదివే కూతురు నిఖిత శనివారం శనివారం ఇంటికొస్తుంది. పైగా ఆ మధ్యాహ్నమే ఎస్సై కాలనీలో ఇళ్లున్నవాళ్లందరినీ కమ్యూనిటీ హాల్లో కూర్చోబెట్టి మాట్లాడాడు.

"మీ కండ్లే మాకు కెమెరాలు. కిరాయికి ఇచ్చినోళ్లను జర కనిపెట్టుకొని ఉండండి. తప్పవుతుందేమో అని ఆగొద్దు. అనుమానం మీది, నిర్ధారణ మాది."

అందరూ చప్పట్లు కొట్టారు. పుట్టిన దగ్గర్నుంచీ తిట్లు తెచ్చిపెట్టిన తన గుణాన్ని మొదటిసారి సర్కారు మెచ్చుకున్నట్టు అనిపించింది కౌసల్యకు.

ఇక పేరు సంగతి. ఈ వైపు సైదులు అంటే ఎవరైనా కావచ్చు. జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కుకుంటే పుట్టిన పిల్లలకు హిందువులూ అదే పేరు పెట్టుకుంటారు, ముస్లింలూ అదే పెట్టుకుంటారు. ఆమె మొగుడు ప్రభాకర్‌ను వాళ్లమ్మ చచ్చేదాకా సైదులూ అనే పిలిచింది. ప్రభాకర్ అన్నది బడిలో రాయించిన పేరు. అందుకే ఈ పిల్లవాడికి గది ఇచ్చేటప్పుడు ఏ సైదులువని ఆమె అడగలేదు. ప్రభాకరే మాట్లాడి ఒప్పుకున్నాడు. ఏం పని చేస్తావంటే "కంపెనీ పనే అక్కా, మిర్యాలగూడ, కోదాడ తిరుగుడే" అన్నాడు. అప్పుడు సరిపోయిన ఆ జవాబు ఇప్పుడు ఎటు తిప్పి చూసినా చాలడం లేదు.

మంగళవారం పొద్దున సైదులు బండి వేసుకుని వెళ్లిపోగానే కౌసల్య నీళ్ల ట్యాంకు చూసే నెపంతో మేడెక్కింది. తీగ మీద అతని అంగీ, ప్యాంటు మిగతా బట్టలకు దూరంగా ఒక మూలకు వేలాడుతున్నాయి. ఎప్పుడూ అంతే. బయటినుంచి రాగానే వాటిని విప్పి, మేడ మీది నల్లా కింద తానే పిండి, వేరుగా ఆరేస్తాడు. ఒకసారి నిఖిత వాటిని తీయబోతే "వద్దు చెల్లె, ముట్టకు" అని పరుగున వచ్చాడు. కౌసల్య అంగీ చివర పట్టుకుని వాసన చూసింది. ఉతికిన బట్టే, కానీ అడుగున సన్నగా వెల్లుల్లి వాసన. కిటికీ రెక్క సందులోంచి లోపలికి చూసింది. మేకుకు ఒక రబ్బరు ముసుగు వేలాడుతోంది. దానికి రెండు గాజు కళ్లు, ముందుకు పొడుచుకొచ్చిన మూతి. అలాంటిది ఆమె టీవీలో తప్ప చూడలేదు.

గబగబా కిందికి దిగి నడిగూడెంలో పొలం దగ్గరున్న ప్రభాకర్‌కు ఫోన్ చేసింది.

"మన కిరాయి పిలగాని మీద నాకు అనుమానంగ ఉన్నది."

"నీకు ఎవని మీద లేదు చెప్పు," అన్నాడు ప్రభాకర్. వెనక ఎవరో గట్టిగా అరుస్తున్నారు. "గీడ మోటరు కాలిపోయి నా పరేషాన్ల నేనున్న. పొద్దుమూకి మాట్లాడుదం."

పక్కింటి అరుణ టీచర్ మాత్రం మొత్తం విన్నది. విని, "ఆలస్యం చెయ్యకక్కా. రేపు ఏమన్న అయితే ఇల్లు మీది గద" అంది. కౌసల్యను స్టేషన్ దాకా తన స్కూటీ మీద దింపింది కూడా.

ఎస్సై లేచి నిలబడి కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. అతనిది ఈ జిల్లా కాదు, వచ్చి నెల కూడా కాలేదు. ఆమె చెప్పినదంతా ఓపికగా విని అడిగాడు.

"మందు అన్నడా, మందుగుండు అన్నడా?"

"మందు పెట్టిన అన్నడు సార్."

"పెట్టిన అన్నడంటే మందుగుండే గదమ్మా. తాగే మందైతే పెట్టరు కద."

పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాడు. ఎస్సై నవ్వలేదు. ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. అంత పెద్ద ఉద్యోగంలో ఉన్న మనిషి తన ఒక్క మాట కోసం అలా ఆగి చూడటం కౌసల్యకు కొత్త. తాను విన్నది మందు మాత్రమేనని ఆమెకు తెలుసు. ఆ తేడా చెప్పడానికి నోరు తెరిచింది కూడా. కానీ చెబితే ఆ ముఖంలో ఆసక్తి చల్లారిపోతుందని భయపడింది.

"ఆ," అంది.

"పేరు?"

"సైదులు."

ఎస్సై పట్నం నుంచి వచ్చిన ప్రత్యేక బృందంతో ఫోన్‌లో మాట్లాడుతూ "సయ్యద్" అన్నాడు. ఆమె మళ్లీ సవరించలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. కౌసల్య నోరు జారలేదు. తానే జారవిడిచింది.

బుధవారం తెల్లవారి ఒక జీపు, ఒక తెల్ల కారు వచ్చాయి. కౌసల్య వాకిట్లో చాట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. నలుగురు మేడ మెట్లెక్కారు. పైన గిన్నె కిందపడ్డ చప్పుడైంది. బనియన్ మీదే సైదులును చేతులు వెనక్కి విరిచిపట్టి దించుకొచ్చారు. మెట్ల మధ్యలో ఒక చెప్పు ఊడిపోయింది. దాన్ని వేసుకోవడానికి ఆగబోతే ముందుకు నెట్టారు.

"అక్కా, జర వీళ్లకు చెప్పు! నేను గోదాం..."

మెడ మీద దెబ్బ పడటంతో మిగతా మాట మింగేశాడు. గోదాం అన్న ముక్క కౌసల్యకు స్పష్టంగా వినబడింది. విననట్టు చాటలోకి తల వంచింది. చెరిగిన బియ్యమే మళ్లీ చెరిగింది. ముసుగునూ సంచినీ తీగ మీది అంగీనీ వేరువేరు కవర్లలో పెట్టి తీసుకుపోయారు. మెట్ల మీద చెప్పు మాత్రం అక్కడే ఉండిపోయింది. దాన్ని పక్కకు జరపడానికి కూడా ఆమెకు మనసు రాలేదు.

మధ్యాహ్నానికల్లా టీవీలో వచ్చింది. సూర్యాపేటలో ఒకరు, అతనిచ్చిన ఆధారంతో మిర్యాలగూడలో మరొకరు. రెండోవాడు ఖాజా. అరుణ టీచర్ వచ్చి కౌసల్యను కావలించుకుని, "నీకు సన్మానం చెయ్యాలక్కా" అంది. కౌసల్య నవ్వింది గానీ గోదాం అన్న మాట గొంతులో చేపముల్లులా గుచ్చుకునే ఉంది.

ప్రభాకర్ పొలం బురద కాళ్లతోనే వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా అడిగాడు.

"ఏం చెప్పినవే వాళ్లకు?"

చెప్పింది. అతను నెత్తిన చెయ్యి పెట్టుకుని గడప మీదే కూలబడ్డాడు.

"వాడు గోదాంలల్ల మందు పెట్టెటోడు గదనే! మిల్లుల్ల బియ్యం బస్తాలకు పురుగు పట్టకుంట నడుమ గోలీలు పెట్టి, పెద్ద పట్టా కప్పుతరు. గ్యాసు బయటికి రాకుంట అంచుల మీద ఇసుక సంచులు పెడ్తరు. నాలుగైదు రోజుల దాక లోపలికి ఎవ్వరు పోవద్దు. గది ఇచ్చెటప్పుడే చెప్పిండు నాకు."

"నాకు చెప్పలే గద."

"నువ్వు అడగలే గద."

"మరి ఆ ఎల్లిగడ్డ వాసన?"

"ఆ గ్యాసు వాసనే అట్లుంటదట. అందుకే బట్టలు ఎవల్నీ ముట్టనియ్యడు. పాపం మనకేమన్న అయితదేమోనని."

ప్రభాకర్ ముఖం కడుక్కుని, తనకు తెలిసిన మండల నాయకుడొకాయనను వెంటబెట్టుకుని పోలీసుల దగ్గరికి వెళ్లాడు. చీకటి పడ్డాక వచ్చి, చెంబెడు నీళ్లు తాగి కూర్చున్నాడు.

"రేపు ఇడుస్తరు. ముస్లిం అనుకున్నరట. పాలకీడు యాదవుల పిలగాడు, మనోడే అని చెప్పినంక పట్నం నుంచి వచ్చిన ఆఫీసరే నవ్విండు. మీ జిల్లాల పేర్లు గిట్ల పెట్టుకుంటరేందయ్యా అన్నడు."

కౌసల్యకు ప్రాణం లేచి వచ్చింది. "మరి ఆ ఖాజా?" అని అడిగింది.

ప్రభాకర్ చెంబు వంకే చూశాడు. "ఆ సంగతి నేను అడగలే."

గురువారం మధ్యాహ్నం సైదులు ఆటో దిగాడు. మడమలు నేలకు ఆనించకుండా మునివేళ్ల మీద నడిచి వచ్చి మొదటి మెట్టు మీద కూర్చున్నాడు. కౌసల్య లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చింది. అతను తీసుకున్నాడు, తాగలేదు, పక్కన పెట్టుకున్నాడు.

"మందు అని నువ్వే చెప్పినవట గదక్కా."

ఆమె గోడకు ఆనుకుంది. తిడతాడేమోనని చూసింది. తిడితే ఎంత హాయిగా ఉండేదో.

"నన్ను ఎందుకు ఇడిచిన్రో ఎరికేనా? మందు ఏందో ఎరికై గాదు. నా పేరు ఎరికై. ఏ మందు అని ఇప్పటికీ ఒక్కడు అడగలే. మందు పెట్టింది నేను. ఫోన్‌ల చెప్పింది నేను. గోదాం కావలుండి ఊకె ఇన్నది ఖాజా భాయ్. అన్నోడు బయటున్నడు, ఇన్నోడు లోపలున్నడు."

"మిల్లోళ్లు వచ్చి చెప్పరా?"

"మాకెందుకు వచ్చిన లొల్లి అన్నరు. నేను చెప్తే దోస్తు కోసం చెప్తున్న అంటున్నరు. నువ్వు వస్తే మాట వేరు. పెట్టింది నీ మాట, తీసేది గూడ నీ మాటనే ఉండాలె. కోదాడల పెట్టిన్రు అక్కా ఆయనను. రేపు జర వస్తవా?"

లోపలినుంచి ప్రభాకర్ అంతా విన్నాడు. సైదులు కుంటుతూ మేడెక్కాక, "అయిపోయిన దాంట్ల మళ్లీ చెయ్యి పెట్టకు," అన్నాడు. "ఆడపిల్ల ఉన్న ఇల్లు."

కౌసల్య అతను తాగకుండా వదిలిన నీళ్లు తీసి పారబోసింది. తప్పు చేశానన్న బాధ ఉంది. ఆ తప్పు సైదులుకు తెలుసునన్న బాధ అంతకంటే ఎక్కువగా ఉంది. రోజూ మెట్లు దిగుతూ అతను తనను చూస్తాడు, తిట్టడు, అక్కా అని పిలుస్తాడు. అది ఎన్నాళ్లు భరించగలదో ఆమెకే తెలియలేదు. శుక్రవారం పొద్దున వంట ముగించి, కంచం మీద మూత పెట్టి, ప్రభాకర్ స్నానానికి పోగానే బయల్దేరింది.

కోదాడలో హైవే పక్కన ఒక పాత గెస్ట్ హౌస్. బోర్డు లేదు, గేటు దగ్గర తుపాకీతో ఒక మనిషి మాత్రం ఉన్నాడు. ఎదురుగా టీకొట్టు బల్ల మీద ఒక ముసలమ్మ ఒడిలో క్యారియర్ పెట్టుకుని కూర్చుంది. ఖాజా తల్లి మస్తాన్‌బీ అని సైదులు మెల్లగా చెప్పి, గేటు దగ్గర కబురు చేయడానికి పోయాడు. ముసలమ్మ జరిగి కౌసల్యకు చోటిచ్చింది.

"నీ కొడుకును గూడ పట్టుకొచ్చిన్రా బిడ్డా?"

కౌసల్య ఆమె క్యారియర్ వంక చూసింది. పై మూత తడిగుడ్డతో చుట్టి ఉంది.

"ఆ," అంది.

ఆ వారంలో ఆమె అన్న రెండో 'ఆ' అది. ముసలమ్మ తన నీళ్ల సీసా మూత తీసి ఇచ్చింది. "తాగు. లోపలికి పిలిస్తే మళ్ల ఎప్పుడు పంపుతరో." కౌసల్య తాగింది. ఆ నీళ్లు కడుపులోకి పోతుంటే ఆమెకు ఏడుపు వచ్చింది.

ఆఫీసరు చిన్నవాడు, మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు. కౌసల్య దారి పొడవునా కూడబలుక్కున్న మాటలు ఒక్క గుక్కలో చెప్పేసింది. అది మందుగుండు కాదు సార్, బియ్యం గోదాంల పెట్టే మందు. ఇయ్యాల్ల శుక్రవారం, పట్టా తీసే రోజు, మిల్లుకు పోయి చూడండి. నేనే తప్పు ఇన్న, తప్పు చెప్పిన.

"మొన్న ఎందుకు చెప్పలేదు ఈ మాట?"

"మొన్న నాకు ఎరిక లేదు."

"ఇప్పుడెవరు చెప్పారు?"

"మా ఆయన చెప్పిండు. సైదులు చెప్పిండు."

"అతనే మిమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చాడా? బెదిరించాడా?"

"లేదు సార్!"

"మరి మీవారు ఎందుకు రాలేదు? మీరు వచ్చినట్టు ఆయనకు తెలుసా?"

కౌసల్య తడబడింది. ఆఫీసరు ఆ తడబాటును చూశాడు. ఎదుటివాడి తడబాటును అలా చూడటం ఎట్లా ఉంటుందో ఆమెకు బాగా తెలుసు. పాలవాడిని తాను అలాగే చూసేది. ఆధార్ కార్డు అడిగాడు, ఇచ్చింది. ఫోన్ అడిగాడు, ఇచ్చింది. మొన్న స్టేషన్‌లో ఇవేవీ అడగలేదు. టీ మాత్రమే ఇచ్చారు.

"పిల్లలు?"

"ఒక్కతే. గీడనే కోదాడల చదువుతది."

"ఏ కాలేజీ? ఏ హాస్టలు?"

చెప్పింది. చెప్పాక నిఖితను తానే ఎవరి చేతిలోనో పెట్టినట్టు అనిపించి నాలుక కరుచుకుంది.

"మీవారికి ఇంకో పేరు ఏమైనా ఉందా? ఇంట్లో పిలిచేది?"

అత్తగారి గొంతు ఆమె చెవిలో పలికింది. సైదులూ, అన్నం సల్లారుతాంది రా బిడ్డా. ఊళ్లో ముసలివాళ్లు ఇప్పటికీ అలాగే పిలుస్తారు.

"లేదు సార్," అంది కౌసల్య. ఒక్క వెంట్రుకవాసి కూడా తడబడలేదు.

ఆఫీసరు తల ఊపాడు. "సరే అమ్మా. మేం నిర్ధారణ చేసుకుంటాం."

ఆమె లేచింది, మళ్లీ ఆగింది. ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం.

"సార్, మొన్న నేను ఒక్క మాట చెప్తే నమ్మిన్రు. ఇయ్యాల్ల ఇన్ని చెప్పినా నమ్ముతలేరెందుకు?"

అతను కోప్పడలేదు. అలసిపోయిన మనిషిలా కళ్లు రుద్దుకున్నాడు. "అనుమానం తప్పైతే నష్టం ఒక్కడికమ్మా. నమ్మకం తప్పైతే ఊరంతటికీ. ఆ స్టేషన్‌లో చచ్చిపోయినవాళ్లను నేను చూసి వచ్చాను."

ఆ మాటలో అబద్ధం లేదు. కౌసల్య గేటు బయటికి వచ్చాక ఆ ఒక్కడి తల్లి బల్ల మీంచి లేచి నిలబడింది.

"ఇడుస్తమన్నరా నీ కొడుకును?"

"సూస్తమన్నరు," అంది కౌసల్య. నేనెవరినో తెలుసా అని అడగాలనుకుంది. అడగలేక బస్సెక్కింది.

శనివారం మఫ్టీలో ఒకతను వీధిలోకి వచ్చాడు. కౌసల్య ఇంటికి ఎవరెవరు వస్తుంటారు, నడిగూడెంలో పొలం ఎంత, కూతురు ఎవరితో తిరుగుతుంది అని ఇల్లిల్లూ అడిగాడు. అరుణ టీచర్ గుమ్మంలో నిలబడి చాలాసేపు అతనికి జవాబు చెప్పింది. ఆ సాయంత్రం కౌసల్య కరివేపాకు కోసం పిలిస్తే కిటికీ తెర కదిలింది గానీ తలుపు తీయలేదు. నిఖితను ఈ వారం రావద్దన్నారు.

ఆదివారం సైదులు గది ఖాళీ చేశాడు. సామానంతా రెండు సంచులే. ముసుగును వాళ్లు తిరిగి ఇవ్వలేదు. తాళంచెవి తెచ్చి కౌసల్య చేతిలో పెట్టాడు.

"ఖాజా భాయ్‌ని నిన్న పంపిన్రు అక్కా. మిల్లుకు పోయి సూసిన్రట. బస్తాల నడుమ గోలీల బూడిద ఉన్నది, సచ్చిన పురుగులున్నయి. అంతనే."

"మంచిగైంది," అంది కౌసల్య. "మంచిగైంది తమ్మీ."

"ఏం మంచి? ఆయనను మిల్లోళ్లు ఇగ రావద్దన్నరు. పోలీసులు తీస్కపోయినోని చేతికి గోదాం తాళం ఎట్లిస్తం అన్నరు." సంచి భుజానికెత్తుకున్నాడు. "నేను గూడ గాడికే పోతున్న, మిర్యాలగూడ. వాళ్లింట్లనే ఉంట. వాళ్లమ్మ రమ్మన్నది. నిన్ను గూడ అడిగింది."

"నన్నా?"

"కోదాడల ఒకామె కలిసింది, కొడుకును పట్టుకపోయిన్రట, ఆమె కొడుకు ఇంటికొచ్చిండా అని అడిగింది. నేనేం చెప్పలే."

బండి వీధి మలుపు తిరిగేదాకా కౌసల్య గేటు పట్టుకునే నిలబడింది. మేడెక్కి చూస్తే గది ఊడ్చి శుభ్రంగా ఉంది. తీగ మీద మూలన రెండు క్లిప్పులు మాత్రం మిగిలాయి. వాటిని తీసి చేతిలో పట్టుకుని ఉండగా ఫోన్ మోగింది. నడిగూడెం నుంచి ప్రభాకర్. మోటారు బాగైనట్టుంది, వెనక నీళ్ల చప్పుడు.

"కౌసల్యా, నేను ఇయ్యాల్ల రాను. కూలోళ్లు దొరికిన్రు. అటు దిక్కు నాలుగెకరాలకు మందు..."

"ఆ మాట అనకుండ్రి!"

"ఏ మాట?"

"ఫోన్‌ల ఆ మాట అనకుండ్రి."

"ఏ మాటనే? వరికి పురుగు పట్టింది, మందు కొట్టకుంటె..."

కౌసల్య పక్కింటి వైపు చూసింది. అరుణ టీచర్ మేడ మీద ఆరిన బట్టలు తీస్తోంది. ఆమె చేతిలో దుప్పటి సగం మడత మీద ఆగి ఉంది. ఇటే చూస్తోంది.

కౌసల్య ఫోన్ పెట్టేసింది.